కడ్డీ దగ్గర వదలని సందు

ఒక మనిషి మీద తాగుబోతన్న ముద్ర పడుతుంటే నోరు మూసుకుని నిలబడ్డాను. ఆ బరువు ఇన్నేళ్ళుగా నాతోనే ఉంది. ఆ పొద్దున అతను తాగింది నాతో కలిసి ఒక గ్లాసు టీ. అంతే.

మీకు వరసగా చెబుతాను. నాకు వేరేలా చెప్పడం రాదు.

ఆటోమొబైల్ డిప్లొమా అయిన కొత్తలో అరకులో ఒక రిసార్టు ఓనరు దగ్గర పనికి కుదిరాను. ఆయనకు పాతకాలపు కార్ల పిచ్చి. రెండే సీట్లున్న, పైకప్పు లేని ఒక ఎర్ర స్పోర్ట్స్ కారు తెప్పించారు. దానికున్న ఒక్క కార్బురేటర్ తీసేసి రెండు పెట్టమన్నారు. పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించేది కార్బురేటర్. రెండు పెడితే కష్టమంతా వాటిని జత కలపడంలోనే ఉంటుంది. యాక్సిలరేటర్ తొక్కితే రెండూ ఒకేసారి తెరుచుకోవాలి, కాలు తీస్తే ఒకేసారి మూసుకోవాలి. అందుకు వాటి మధ్య ఒక కడ్డీ ఉంటుంది. రబ్బరు గొట్టం చెవికి ఆనించుకుని, రెండూ గాలి పీల్చే చప్పుడు ఒకటయ్యేదాకా స్క్రూలు తిప్పాను. ఆ పని బాగా చేశాను. ఇప్పటికీ అంటాను, బాగా చేశాను.

కానీ ఆ కడ్డీ అతుకు దగ్గర వెంట్రుకవాసి సందు వదలాలి. ఇంజను వేడెక్కితే లోహం సాగుతుంది. సందు లేకపోతే కడ్డీ పట్టేస్తుంది. ఇది నేను చదువుకున్నదే, పరీక్షలో రాసిందే. ఓనరుగారికి మాత్రం పెడల్‌లో తగిలే ఆ కాస్త లూజు నచ్చలేదు. తీసెయ్యమన్నారు. తీసేశాను. మంచు కమ్మిన పొద్దున, చల్లటి ఇంజను మీద, సందు లేకుండా బిగించాను. ఆయన అడిగారని చేశానా? ఆయన మెచ్చుకోవాలని చేశానా? రెండోదే.

ఆ పొద్దునే కారును ప్రదర్శన కోసం విశాఖ దింపాలి. నడపాల్సింది రిసార్టు డ్రైవరు సోమన్న. గాలికొండ పక్క కొండ ఊరివాడు, ఆ ఘాట్ రోడ్డులో ప్రతి మలుపూ ఎరిగినవాడు, వాళ్ళ ఊరి చర్చిలో డప్పు వాయించేవాడు. టీ గ్లాసు కింద పెట్టి కారు వైపు చూసి నవ్వాడు.

"ఈ గుంటడికి రెండు నోళ్ళెట్టినావు బావూ. ఇంక పెట్రోలు బంకు పక్కనే కాపరం ఎట్టాల."

ఓనరుగారూ నేనూ వెనక జీపులో బయల్దేరాం. గాలికొండ దాకా అంతా ఎత్తు రోడ్డు. ఇంజను బాగా కాగింది. దిగుడు మొదలయ్యాక ఒక మలుపులో కారు వేగం తగ్గాల్సిన చోట తగ్గలేదు. ఎదురుగా సంతకు వెళుతున్న ఆడవాళ్ళు, తలల మీద తట్టలు. సోమన్న వాళ్ళను తప్పించి కారును కొండవైపు కాలవలోకి కొట్టాడు. బంపరు నలిగింది, ఒక లైటు పగిలింది, అతని మోచేయి విరిగింది. ఇంకెవరికీ ఏమీ కాలేదు.

"ఏంట్రా, పొద్దున్నే జీలుగు కల్లు దిగిందా?" ఓనరుగారి మొదటి మాట అది. చెయ్యి ఎలా ఉందని కాదు.

"కాలు తీసేసినాను సారూ. అయినా ఆగనేదు. ఏటో పట్టేసింది." సోమన్న నా వైపు తిరిగాడు. "ఇంజినీరు బావూ, నువ్వు బేగి సూసి సెప్పు."

బానెట్ ఎత్తాను. కడ్డీ బిగుసుకుపోయి ఉంది. రెండు కార్బురేటర్లూ సగం తెరుచుకునే ఉన్నాయి. బొటనవేలితో నొక్కాను. ఠప్పుమని మూసుకున్నాయి.

"ఇక్కడంతా బాగానే ఉంది సార్," అన్నాను.

సోమన్న విరిగిన మోచేతిని రెండో చేత్తో పట్టుకుని జీపు వైపు నడిచాడు.

ఎవరూ అతని నోటి వాసన చూడలేదు. డాక్టరును అడగలేదు. ఏజెన్సీ మనిషి, కాబట్టి కల్లు. నిరూపణ అయిపోయింది! ఒక బోల్టు బిగువు చూడాలంటే మాకు పరికరం కావాలి, మనిషి మీద తీర్పు చెప్పడానికి ఏదీ అక్కర్లేదు. ఉద్యోగం తీసేసిన ఓనరుగారు, కేసు మాత్రం పెట్టనన్నారు. దాన్ని అందరూ దయ అన్నారు. దయ! నాకు ఒళ్ళు మండిపోయింది. మండి ఏం చేశాను? కారు షెడ్డుకు చేరగానే కడ్డీ దగ్గర సందు వదిలి, ఎవరికీ చెప్పకుండా మళ్ళీ బిగించాను.

మొన్న చలికాలంలో ఆ ఊరి మీదుగా వెళుతుంటే సోమన్న భార్య కాఫీ గింజలు ఆరబోస్తూ కనిపించింది. వాళ్ళ చర్చి సంఘంలో ఒక పద్ధతి ఉందట. తాగాడని తేలినవాడు ఆదివారం అందరి ముందూ లేచి తప్పు ఒప్పుకోవాలి. అప్పుడే ఏసు పేరున అందరికీ పంచే ప్రభువు బల్ల రొట్టె ఇస్తారు, డప్పు ముట్టుకోనిస్తారు.

"ఒక్క మాట అనీమంటే అనడు బావూ. తాగనేదు, ఎందుకంటానంటాడు. అందరికీ రొట్టె అందుతాది. ఆయనొక్కడూ ఎనక గోడకి ఆనుకుని కూకుంటాడు."

నాకు టీ తెచ్చి ఇచ్చింది. తాగాను. అప్పుడూ చెప్పలేదు.

తిరిగి వస్తుంటే సంఘ పెద్దల మీద కోపం వచ్చింది. ఓనరుగారి మీద, అతనికి మళ్ళీ స్టీరింగు ఇవ్వని అద్దె జీపుల వాళ్ళ మీద కోపం వచ్చింది. కానీ వాళ్ళంతా దేన్ని నమ్మారు? చదువుకున్నవాడు బానెట్ ఎత్తి చూసి చెప్పిన మాటను. నా కోపాలన్నీ తిరిగి తిరిగి ఆ బానెట్ దగ్గరికే వస్తాయి. అతను చెయ్యని తప్పు ఒప్పుకోలేక గోడ దగ్గర కూర్చుంటున్నాడు. చేసినవాణ్ణి నేను మీలాంటి ముక్కూ మొహం తెలియని వాళ్ళకు, పేరు లేకుండా రాస్తున్నాను. ఇది అతని చేతికి డప్పు తెచ్చి ఇవ్వదు. అయినా రాస్తుంటే నాకు ఊపిరి ఆడుతోంది. అది కూడా అన్యాయమే అనిపిస్తోంది.

ఆ రోజు అనవలసిన మాట ఇది.

కడ్డీ పట్టేసింది సార్. బిగించింది నేను. సోమన్న కాలు తీసేశాడు.