సారు కూర్చున్న కుర్చీ

మధ్యలో చదువు మానేసినవాళ్ల కోసం నడిపే హైస్కూల్లో నేను పది చదివేటప్పుడు, స్కాలర్‌షిప్ ఇచ్చే ముందు మా పరిస్థితి చూడడానికి ఓ సారు ఎర్రగుంట్లలో మా ఇంటికొచ్చారు.

"ఇంటికొచ్చినోళ్లను నేల మీద కూర్చోబెడతారా?" అని మా అమ్మ అప్పటికే వీధంతా తిరిగి కుర్చీలు, టేబుల్ ఫ్యాను అడిగి తెచ్చిపెట్టింది. అవి చూసి సారు, "మీకు లోటేం లేదే!" అంటూ నా దరఖాస్తు కాగితం మడిచారు. ఇక స్కాలర్‌షిప్ రానట్టే అనుకున్నాను.

అంతలో పక్కింటి ఖాసింబీ వచ్చింది. "ఏమనుకోవద్దు సార్, రోంత లేస్తారా? మా ఇంటికి సుట్టాలొచ్చినారు, కుర్చీ కావాల." ఆమె వెనకే ఫ్యాను కోసం ఎదురింటామె!

సారు నవ్వుతూ చాప మీద కూర్చుని, మడిచిన కాగితం విప్పి సంతకం పెట్టారు.

ఉద్యోగం వచ్చాక నేను మొదట కొన్నవి నాలుగు కుర్చీలు. నాలుగూ మా ఇంట్లో ఉన్న రోజులు తక్కువ. వీధిలో ఎవరో ఒకరింటికి సుట్టాలు వస్తూనే ఉంటారు.