సీతమ్మకు మైల

మా తోడికోడలు పోయింది. టేకులపల్లి వైపు నుంచి వచ్చే పొద్దుటి బస్సులో ఊరి మనిషి కబురు తెచ్చేసరికి నేను పాల్వంచ క్వార్టర్లో నల్లా కింద బిందె పెట్టి నిలబడి ఉన్నాను. ఎండదెబ్బ అన్నాడు. బిందె నిండి పొర్లుతున్నా నల్లా బంద్ చేయాలని తోచలేదు. కూతుర్ని అత్తారింటికి సాగనంపి వారం కూడా కాలేదు, అప్పుడే ఆమె పోయింది. కూతురంటే కన్న కూతురు కాదు. అక్కకు పిల్లల్లేరు. ఆమె కూతురు సీతమ్మ, జానెడు ఎత్తు పంచలోహ విగ్రహం.

మీకు మా ఊరి సంగతి చెప్పాలి. మాది సీతమ్మ పుట్టిల్లు, వాగవతలి ఊరు అత్తిల్లు. ఏడాదంతా సీతమ్మ మా గుడిలో ఉండేది, రాముడూ లక్ష్మణుడూ అవతలి గుడిలో. నవమికి మేం ఆడపెళ్లివాళ్లమై ఆమెను తీసుకుపోయి పెళ్లి చేసి, పదహారు రోజుల పండగ కాగానే తిరిగి తెచ్చుకునేవాళ్లం. తల్లి స్థానంలో నిలబడి నీళ్లు పోసి చీర కట్టేది మా ఇంటి పెద్దకోడలు. చిన్నకోడలు పసుపు కుంకుమల పళ్లెం పట్టుకోవాలి. అన్నదమ్ముల్లో ముందు పుట్టినవాడి పెళ్లాం జనకుడి పట్టపురాణి అయిపోవడమేమిటని మా ఆయన్ని ఎన్నిసార్లు సాధించానో! అక్క మాత్రం తన లోకంలో ఉండేది. విగ్రహానికి పోసే నీళ్లు ముందు తన మణికట్టు మీద పోసుకుని వేడి చూసేది. లోహపు జడకు కూడా దువ్వెన పెట్టేది.

అసూయ అని మెత్తగా చెప్పను, కడుపుమంట. నా ఇద్దరు ఆడపిల్లలు సెలవులకు ఊరికి రాగానే నా కొంగు వదిలేసి ఆమె ఒళ్లో పడేవాళ్లు. జడ ఆమె వేస్తేనే నిలుస్తుందట.

"నీకు రెండు బంగారు బొమ్మలున్నయి గదనే చెల్లె, నా ఒక్క బొమ్మ మీద కండ్లేంది?" అని నవ్వేది. నేను పళ్లెంలో కుంకుమ సర్దుకుంటూ తల దించుకునేదాన్ని.

ఒక ఏడు పండగ అయ్యాక అవతలి ఊరివాళ్లు సీతమ్మను పంపలేదు. పెళ్లయిన పిల్ల మొగుడి దగ్గరే ఉండాలన్నారు. మా ఊరు కోర్టుకెక్కింది. చట్టం దృష్టిలో దేవుడెప్పుడూ మైనరేనని, సంరక్షకులే దావా నడపాలని మా వకీలు విడమరిచి చెబితే అక్క నోరు వెళ్లబెట్టింది.

"మైనరా? మరి ఏటేటా పెండ్లెట్ల చేస్తున్నం సారూ? మనల్నే జైల్ల ఏస్తరేమో!"

వకీలు నవ్వలేదు. బోనులో 'మా కుటుంబం ఆ విగ్రహానికి సంరక్షకులు' అని మాత్రమే చెప్పమని వల్లె వేయించాడు. ఆ సాక్ష్యం నేను చెబుతానన్నాను. బడిలో పాఠాలు చెప్పేదాన్ని, నాకు నోరు తిరుగుతుంది. ఊరి పెద్దమనుషులు వినలేదు. తల్లిగా నిలబడేది ఆమె, ఆమే రావాలన్నారు. అక్కడా ఆమే.

"ఆ విగ్రహానికి మీరేమవుతారు?" అని అవతలి వకీలు అడిగాడు.

"తల్లిని."

మా వకీలు నుదురు పట్టుకున్నాడు.

"సీత నాగటిచాల్లో దొరికిందని రామాయణం చెబుతుంది కదమ్మా. ఆమెకు తల్లెక్కడిది?"

"దొరికిన పిల్లకే గద సారూ, తల్లి కావాల్సింది."

హాల్లో ఎవరో 'భలే' అన్నారు. నాకు ఒళ్లు మండింది, ఆ మాట నాకెందుకు తట్టలేదని. కానీ ఆ వకీలు గట్టివాడు. ఎంతో మర్యాదగా, "సరే తల్లీ, అలాగే అనుకుందాం. పెళ్లి చేసిన కూతుర్ని ఇంట్లోనే ఉంచుకుంటారా, అత్తింటికి పంపుతారా?" అన్నాడు.

అక్క మా ఊరివాళ్లు నిలబడ్డ వైపు చూసింది.

"పంపాలె," అన్నది. "పంపకుంటె నేను తల్లినెట్లయిత?"

దావా పోయింది. తీర్పులో ఇంకేవేవో కారణాలు ఉన్నాయి గానీ, మా ఊరి లెక్కలో ఓడించింది అక్కే. ఎదురొస్తే మొహాలు తిప్పుకున్నారు. బావగారే చాలాకాలం ముభావంగా ఉన్నారు. నాకు మాత్రం కొంచెం హాయిగానే ఉండింది. ఎందుకలా చెప్పావక్కా అని అడిగితే, "అబద్ధమాడి బిడ్డను ఇంట్ల పెట్టుకుంటె, అది నా మొకం చూస్తదా?" అన్నది. ఖాళీ గుడిలో రోజూ దీపం పెట్టి వచ్చేది.

నా హాయి మరుసటి నవమి దాకే. పండగ ముగిసిన రోజు వాగవతల నుంచి డప్పులు వినిపించాయి. ఏ కోర్టూ చెప్పలేదు, వాళ్లంతట వాళ్లే పల్లకీలో సీతమ్మను తీసుకొచ్చారు. ముందు నడిచిన ముసలామె మా అక్క రెండు చేతులూ పట్టుకున్నది.

"వదినె, నీ బిడ్డను తోలుకొచ్చినం. నాలుగొద్దులు ఉంచుకో, మల్ల మేమే వచ్చి తీస్కపోతం."

ఆనాటి నుంచి ఏటా అదే ఆనవాయితీ. గెలిచినవాళ్లు ఓడినామె గడపకు వచ్చేవాళ్లు. ఊరు మళ్లీ ఆమెను నెత్తిన పెట్టుకుంది. నేను మళ్లీ పళ్లెం పట్టుకున్నాను. కుళ్లుకోవడానికైనా అంతటి మనిషి ఇంట్లో ఉండటం నా అదృష్టమని ఇప్పుడనిపిస్తోంది.

దహనమైన మర్నాడు ఆ ముసలామే వాగు దాటి వచ్చి గుమ్మం బయట నిలబడింది.

"సీతమ్మకు మైల పట్టించినం. పెండ్లయిన బిడ్డకు తల్లి మైల మూడొద్దులు గద," అన్నది.

నమ్మలేక ఆమె వెంటే వెళ్లాను. నాకూ మైలే, గుడి మెట్టెక్కకూడదు. దారిలో నిలబడే చూశాను. రాముడికీ లక్ష్మణుడికీ పూలున్నాయి, దీపముంది. సీతమ్మకు అడ్డంగా తెల్లటి పంచె కట్టారు.

నాకు ఇద్దరు కూతుళ్లు. నేను పోతే ఏడుస్తారు, తెలుసు. కానీ నా కోసం ఏ గుడిలోనూ తెర పడదు. కళ్లలో నిప్పులు పోసుకుని, ఆ కళ్లతోనే ఏడుస్తూ నిలబడ్డాను. వడగాలికి పంచె పక్కకు జరిగింది. సీతమ్మ ఒంటి మీద, సాగనంపిన రోజు అక్క కట్టిన ఆకుపచ్చ చీరే ఉంది. కుచ్చిళ్లలో ఒక్కటీ చెదరలేదు.