ఎర్ర మూత, నారింజ మూత

ఆ పొద్దున ఎల్‌బీ నగర్‌లోని మా కిరాయి ఇంట్లో, వంటింటి గట్టు దగ్గర ఉన్నవాళ్లు: అమ్మ, నాన్న, నేను. గట్టు మీద ఉన్నవి: ఇన్సులిన్ బుడ్డి, పాతవి అయిపోవస్తున్నాయని ముందురోజు నేను కొనుక్కొచ్చిన సిరంజిల ప్యాకెట్, దూది, మూత పెట్టిన ఉప్మా గిన్నె, గ్లూకోమీటర్. పరగడుపు షుగర్ 246 అని చూపిస్తోంది.

ఆ అంకె దిగకపోతే అమ్మ కంటి ఆపరేషన్ జరగదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆమెకు జాకెట్లు కుట్టే చిన్న షాపు ఉంది. రెండు కళ్లలోనూ శుక్లాలు. కుట్టుమిషన్ సూదిలో దారం ఎక్కించమని కొలతలివ్వడానికి వచ్చిన కాలేజీ పిల్లల్నే అడుగుతోంది. షుగర్ నూట యాభై లోపుకి తెచ్చుకోమని కంటి డాక్టరు ఇప్పటికే రెండుసార్లు వాయిదా వేశాడు. అంతకుముందు ఇరవై యూనిట్ల ఇన్సులిన్‌తో బాగానే ఉండేది. షుగర్ చూసే డాక్టరమ్మ దాన్ని ఇరవై నాలుగు చేసింది, తర్వాత ముప్పై చేసింది. అయినా అంకె కదల్లేదు.

కారణం తనకు తెలుసని నాన్న నమ్మకం.

"గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ ఎత్తేసి ఏండ్లయింది. నీకు మామిడిపండ్లు యాడ దొరుకుతున్నయే?"

"నేను తినలేదని ఎన్నిసార్లు చెప్పాలె? ఒట్టు పెట్టమంటవా?"

"నీ ఒట్టు ఎందుకు, మీటర్ చెప్తుంది గదా."

నేను అమ్మ మాటే నమ్మాను. ఫ్యాక్టరీలో కొలత యంత్రాలను సరిచూడడం నా ఉద్యోగం. అంకె తేడాగా వస్తే మనిషిని అనేముందు పరికరాలన్నీ చూడాలి. మీటర్‌ను ల్యాబ్ రిపోర్టుతో పోల్చాను, సరిపోయింది. ఫ్రిజ్‌లో చల్లదనం కొలిచాను, బాగుంది. మందు గడువు ఇంకా ఉంది.

అమ్మకు గీతలు కనిపించవు కాబట్టి మందు లాగేది నాన్నే. బుడ్డిని అరచేతుల మధ్య దొర్లించి, కొత్త సిరంజి గుచ్చి, ముప్పై దాకా లాగాడు. సిరంజి ముప్పావు వంతు నిండింది. నేను రోజూ చూసే మందు అంత ఉండదు.

"నాన్నా, ఆగు."

"ఏంది? ఉప్మా చల్లారుతుంది."

వాడేసినవి పడేసే డబ్బాలోంచి నిన్నటి సిరంజి తీసి పక్కన పెట్టాను. దాని మూత నారింజ రంగు, కొత్తదాని మూత ఎరుపు. ఎర్రదాని మీద నలభై అని, నారింజదాని మీద వంద అని అచ్చయి ఉంది. మా బుడ్డి మీద మిల్లీలీటరుకు నలభై యూనిట్లని ఉంది. నారింజ మూత సిరంజి మిల్లీలీటరుకు వంద యూనిట్లుండే మందు కోసం చేసింది. దాంతో మా బుడ్డిలోంచి ముప్పై గీతలు లాగితే వచ్చేది పన్నెండు యూనిట్లే.

ఆ సిరంజిలు పైఅంతస్తులో ఉండే ఓనరు ఆంటీ ఇచ్చినవి. గోదావరి వైపు నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు. ఆమె సిరంజి అక్కర్లేని ఇన్సులిన్ పెన్‌కి మారాక, మిగిలిన పెట్టెను గోంగూర పచ్చడితోపాటు కిందికి పంపింది. మా బిల్డింగ్‌లో మిగిలిపోయిన దగ్గుమందులు, ఆవిరి పట్టే మిషను మెట్ల మీద ఎక్కుతూ దిగుతూనే ఉంటాయి. పారేయడానికి ఎవరికీ మనసొప్పదు. ఆ పెట్టె మొదలుపెట్టాక ఒక్కో బుడ్డి ఎక్కువ రోజులు వస్తోందని నాన్న సంతోషపడ్డాడు కూడా.

ఇప్పుడు ఆయన చేతిలో ఉన్నవి నిజంగా ముప్పై యూనిట్లు, అమ్మ ఒంటికి నిన్నటిదాకా అందినదానికి రెండున్నర రెట్లు. అది ఎక్కించుకుని షాపుకి వెళ్తే మధ్యాహ్నానికి షుగర్ పడిపోయి మిషన్ మీదే ఒరిగిపోయేది.

రెండు సిరంజిల ఫోటో డాక్టరమ్మకు పంపి ఫోన్ చేశాను. "ముప్పై వద్దు" అంది వెంటనే. "ఎర్ర మూతతోనే, పాత ఇరవై. ఈ వారం పూటపూటకీ చూసి అంకెలు నాకు పంపండి."

నాన్న పది యూనిట్ల మందును సింక్‌లోకి వదిలాడు. మిగిలిన ఇరవై యూనిట్లను అమ్మ తన పొట్టలోకి ఎక్కించుకుంది.

సంగతి తెలిసి ఆంటీ కిందికి దిగి వచ్చింది. "అయ్యో, మంచి చేద్దామనుకుని ఎంత పని చేశానమ్మా. సిరంజిలన్నీ ఒకటేననుకున్నానే."

"నువ్వేం చేసినవ్ అక్కా. నా ఇంట్లనే నన్ను దొంగను చేసిన్రు గదా, వాళ్లననాలె." అమ్మ నాన్న వైపు తిరిగింది. "ఇగ చెప్పు. మామిడిపండ్లు ఎవరు తిన్నరు?"

నాన్న నారింజ మూత సిరంజిని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు. "గీ సిరంజే తిన్నది. దొరికింది దొంగ."

"రేపట్నుంచి నువ్వు లాగకు. పోరడు లాగుతడు."

నేనే లాగాను. మిగిలిన నారింజ మూత సిరంజిలను ఆంటీకి తిరిగి ఇవ్వకుండా, ఇంకో గడపకు పంపకుండా, మందుల షాపులో అప్పగించాను. తర్వాతి వారం కంటి దవాఖానలో నర్సు పరగడుపున అమ్మ వేలు గుచ్చి, ఆపరేషన్ కాగితం మీద అంకె రాసింది.

118.