గదికో నిమిషం

ఆమెను అందరూ గేటక్క అనేవాళ్ళు. పంతొమ్మిదేళ్ళు ఒకే సినిమా హాలు గేటు దగ్గర నిలబడి టికెట్లు చింపిన మనిషికి అంతకన్నా తగిన పేరు ఎవరు పెడతారు? ఆట మొదలయ్యాక చీకట్లో టార్చి ఒక్కసారి అటూ ఇటూ తిప్పి, లోపల ఎంతమంది ఉన్నారో చెప్పేసేది. చింపిన టికెట్ ముక్కలు లెక్కపెట్టి చూస్తే ఒకటో రెండో తేడా వచ్చేది. అది కూడా చంటిపిల్లల్ని పైట చాటున దాచి తెచ్చిన తల్లుల పుణ్యమే. హాలు మూతపడి గోడౌన్ అయ్యాక, ఆ విద్య ఇక ఎందుకూ పనికిరాదనుకుంది. భర్త లారీతో నెలకి ఇరవై రోజులు రోడ్డు మీదే. ఇంట్లో ఆమె, అత్తగారు, అత్తగారి కుట్టుమిషను.

ఒకరోజు పేపర్లో యూనివర్సిటీ వాళ్ళ ప్రకటన పడింది. తరగతి గదుల్లో మనుషుల్ని లెక్కపెట్టడానికి మూడు నెలల పాటు మనిషి కావాలట. అత్తగారు కళ్ళజోడు సవరించుకుని రెండుసార్లు చదివింది.

"నీ మొహం చూసి వేసినట్టుందే," అంది. "అంత చదివినవాళ్ళు, వాళ్ళకి లెక్కపెట్టడం రాదా ఏంటి?"

ఎందుకు లెక్కపెట్టాలో పనిలో చేరిన మొదటిరోజే తెలిసింది. జడముడిలో పెన్సిల్ దోపుకుని తిరిగే ఒక మేడమ్ ఆమెను మేడమీది గదిలోకి తీసుకెళ్ళింది. గోడ నిండా ఒకటే కాగితం. ఇప్పుడున్న భవనాలు నల్లగీతల్లో, ఇంకా లేనివి నీలంగీతల్లో ఉన్నాయి. తూర్పువైపు గడ్డి తప్ప ఏమీ లేని డెబ్బై ఎకరాల్లో నాలుగు పెద్ద నీలం డబ్బాలు వరసగా నిలబడి ఉన్నాయి.

"ముప్పై ఏళ్ళకి సరిపడా ప్లాన్ అక్కా ఇది," అంది మేడమ్. "ఏటేటా పిల్లలు పెరిగిపోతున్నారు. గదులు చాలట్లేదు, నాలుగు బ్లాకులు కట్టాలంటున్నారు. ఉన్న గదుల్ని ఎంత వాడుతున్నామో ముందు తెలియాలిగా."

గేటక్క ఆ నీలంగీతల్ని చూస్తూ ఉండిపోయింది. వాటిలో కూర్చోబోయేవాళ్ళు కొంతమంది ఇంకా పుట్టి కూడా ఉండరు.

"పుట్టనివాళ్ళకి కుర్చీలు వేస్తున్నారా మేడమ్?" అంది నెమ్మదిగా.

మేడమ్ నవ్వబోయి ఆగింది. "అవునక్కా. పనంటే అదే."

పని మాత్రం తేలికే. గంటకోసారి ముప్పై ఎనిమిది గదులు తిరగాలి. వెనక తలుపు దగ్గర ఒక్క నిమిషం నిలబడి, తలలు లెక్కపెట్టి, కాగితం మీద గడిలో వేసి కదలాలి. అయితే ఆమెకు చెవులు కూడా ఉన్నాయన్న సంగతి ఎవరూ ఆలోచించలేదు.

ఒక గదిలో ఎవరో చిన్న ఎముక పైకెత్తి, ఇది చేప రెక్కలోనూ ఉంది, మీ మణికట్టులోనూ ఉంది అంటున్నారు. పక్కగదిలో ఒకాయన ఇప్పుడెవరూ మాట్లాడని భాషలో ఒక వాక్యం చదువుతున్నాడు. పిల్లలు ఊపిరి బిగబట్టి వింటున్నారు. పై అంతస్తులో ఒక లెక్కల టీచరమ్మ బోర్డు ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే సంఖ్య రాసుకుంటూ పోయి, ఇది ఎప్పటికీ అయిపోదు అని సుద్దముక్క పక్కన పెట్టేసింది.

సాయంత్రం అత్తగారు మిషను ఆపి మరీ వినేది.

"ఎందుకు అయిపోదట?"

"ఏమో అత్తయ్యా. నా నిమిషం అయిపోయింది."

"నీ తొందర పాడుగాను. రేపు ఆ గదికి కాస్త ముందే వెళ్ళు."

ఇంకోరోజు గేటక్క, ఆకుల అడుగున కంటికి కనపడని నోళ్ళుంటాయనీ, వేలకి వేలు, పొద్దస్తమానం తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయనీ చెప్పింది. అత్తగారు లేచి, కిటికీలో ఉన్న కుండీ దగ్గరకెళ్ళి, ఒక ఆకు తిరగేసి కళ్ళజోడుతో చాలాసేపు చూసింది. మర్నాడు దానికి నీళ్ళు పోస్తూ, "మాట్లాడవేం, అన్ని నోళ్ళుండి," అని అడగడం గేటక్క చెవిన పడింది.

ఆరోవారం ఒక మధ్యాహ్నం, ఆ గంట లెక్కలో ఆఖరిదైన పాతభవనం చివరగది చీకటిగా ఉంది. కిటికీలకు నల్లతెరలు. ఆమెకు చీకటి కొత్త కాదు కనుక ధీమాగా లోపలికి అడుగు పెట్టింది. ముందు తెరమీద ఏదో ఫోటో. నల్లటి బట్టమీద పిండి చల్లినట్టు ఎటు చూసినా చుక్కలే. దానిపక్కన నెరిసిన గడ్డం ప్రొఫెసర్ ఒకాయన నింపాదిగా చెబుతున్నాడు.

"ఇవి నక్షత్రాలు కావు. ఒక్కో చుక్కలో మన సూర్యుడి లాంటివి కోట్లకి కోట్లు. ఇదంతా ఆకాశంలో ఎంత మేర అనుకుంటున్నారు? చెయ్యి బారజాపి వేలి కొసన ఒక ఇసుకరేణువు పట్టుకోండి. అది ఎంత కప్పుతుందో, అంత."

గేటక్క చెయ్యి తనకు తెలియకుండానే లేచింది. వేలికొస వైపు చూసుకుంది. గోడకు ఆనుకుని అలాగే నిలబడిపోయింది. గంట కొట్టాక తెరలు తీసి పిల్లలు ఆమె పక్కనుంచి బయటకు వెళ్ళిపోతుంటే అప్పుడు గుర్తొచ్చింది, తను ఒక్క తలా లెక్కపెట్టలేదని.

కాగితం తిరిగి ఇస్తూ ఆ ఖాళీ గడి తనే చూపించింది.

"ఉజ్జాయింపుగా ఏదో ఒకటి వేసేయొచ్చుగా అక్కా," అంది మేడమ్.

"చూడనిది ఎలా వేస్తాను మేడమ్?"

మేడమ్ అప్పటిదాకా వచ్చిన కాగితాలన్నీ ముందేసుకుంది. అప్పుడే వాటి వెనకవైపు రాతలు కూడా కంటబడ్డాయి. మెట్లమీద నలభై ఒకటి. రెండో అంతస్తు వరండాలో నేలమీద యాభై ఎనిమిది. లైబ్రరీ గుమ్మం బయట ముప్పై.

"ఇవేంటి?"

"గదులు సగం ఖాళీగా ఉంటున్నాయి మేడమ్, మధ్యాహ్నం అయితే మరీను. పిల్లలేమో మెట్లమీద పుస్తకాలు పరుచుకుని కూర్చుంటున్నారు. మీరు అడగలేదు గానీ, వదిలేయబుద్ధి కాలేదు."

మూడునెలలు పూర్తయ్యాక భవనాల కమిటీ కూర్చుంది. మేడమ్ ఆమెను కూడా రమ్మంది. పొడవాటి బల్ల చుట్టూ పెద్దవాళ్ళంతా ఉంటే, ఆమె తలుపు పక్కనే నిలబడింది. అలవాటైన చోటు అదే. కమిటీ పెద్ద కాగితాలు తిప్పుతూ మొహం చిట్లించాడు.

"టికెట్లు చింపినావిడ లెక్క చూసి నాలుగు బ్లాకులు ఆపుకోవాలా మనం? ఇదిగో, ఇక్కడో గడి ఖాళీగా ఉంది. ఇదేంటమ్మా?"

గేటక్క ఉన్నదున్నట్టు చెప్పింది. "ఆ గదిలో చుక్కల పాఠం జరుగుతోంది సార్. వింటూ లెక్క మర్చిపోయాను. తప్పే."

బల్ల చివర కూర్చున్న గడ్డం ప్రొఫెసర్ తలెత్తి చూశాడు.

"ముప్పై ఏళ్ళుగా చెబుతున్నాను ఆ పాఠం," అన్నాడు. "ముందు వరసల్లో కునుకు తీసేవాళ్ళే నాకు గుర్తు. ఏమండీ, ఆ ఒక్క గడీ ఖాళీగా వదిలేసిన మనిషి, మిగతావి కల్పించి రాసి ఉంటుందా?"

కమిటీ పెద్ద మళ్ళీ మొదటి కాగితం నుంచి చదవడం మొదలుపెట్టాడు, ఈసారి వెనకవైపులు కూడా.

అలా మూడు బ్లాకులు ప్లాన్ లోంచి పోయాయి. నాలుగోదాని చోట పొడవాటి చదువుల హాలూ, దాని చుట్టూ మనిషి కాళ్ళు బారజాపి కూర్చోగల వెడల్పాటి మెట్లూ వచ్చాయి. కాగితం మీద మిగిలిన గడ్డినేలకు మేడమ్ ఏ రంగూ వేయలేదు.

"దీన్నేం చేస్తారు మేడమ్?"

"ఏమీ చెయ్యం. ఏం కావాలో ఆ వచ్చేవాళ్ళే చెబుతారు. వాళ్ళు అడిగేసరికి నేల ఉండాలిగా."

గేటక్క ఆ తెల్లటి ఖాళీ వంక చూసింది. అన్ని నీలంగీతల్ని చూసినప్పుడు కూడా ఆమె అంతగా విస్తుపోలేదు.

ఆమె పని మూడునెలలతో ముగియలేదు. ప్రతి టర్మూ లెక్క కావాలని మేడమ్ పట్టుబట్టి ఉద్యోగం ఖాయం చేయించింది. మూడేళ్ళకు చదువుల హాలు పూర్తయింది. తెరిచినరోజు గేటక్క నాలుగువందల పన్నెండు అని రాసింది. ఇంటికొచ్చి హాలు ఎంత పెద్దదో చేతులు తిప్పుతూ ఎంత చెప్పినా అత్తగారి ఊహకు అందలేదు.

"చేతులు తిప్పితే నాకేం తెలుస్తుందే? తీసుకెళ్ళు."

మర్నాడు తీసుకెళ్ళింది. ముసలామె కోడలి మోచెయ్యి పట్టుకుని, ఆ కొస నుంచి ఈ కొసకు నడవడానికి పావుగంట పట్టింది. అంతమంది ఉన్నా పేజీలు తిప్పే చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. గేటక్క కాగితంమీద జానెడు నీలంగీతగా చూసినదాంట్లో, ఇప్పుడు పైకప్పు ఎంత ఎత్తుందో చూడాలంటే మెడ వెనక్కి వాల్చాల్సివస్తోంది. బయట మెట్లదగ్గర ఒక అమ్మాయి తన సంచి పక్కకు జరిపి, "కూర్చోండి మామ్మగారూ," అంది.

అత్తగారు కూర్చుని, ఎదురుగా ఎండలో కనుచూపు మేర పరుచుకున్న గడ్డి చూసింది.

"ఇంత చోటు," అంది గొంతు తగ్గించి. "మనల్ని ఎవరూ లేచి పొమ్మనరా?"

"పొమ్మనరు అత్తయ్యా."

ముసలామె చెప్పులు విప్పి, పక్కన జతగా పెట్టుకుని, కాళ్ళు బారజాపుకుంది. ఆ అమ్మాయి పుస్తకంలోకి ఒకసారి తొంగిచూసి, అందులో బొమ్మ ఏమిటని అడిగింది.