జ్వరం వస్తే జీతం కోస్తరా?

మా ఎదురింటి ఫిట్టర్ బాబాయి పోయాడని పినపాక నుంచి మా తమ్ముడు వాట్సాప్‌లో పెట్టాడు. అప్పుడు నేను ఇక్కడ, టాంజానియాలో, మార్కెట్లో టమాటాలు ఏరుకుంటున్నాను. గుండెలో నొప్పి అన్నాడట, భద్రాచలం దవాఖానాకు చేరేలోపే అయిపోయిందట. టమాటాలు తూకం వేయించుకుని ఇంటికొచ్చాను. ఏడుపు రాలేదు. మా ఆయన మిల్లు నుంచి వచ్చాక చెప్తే, చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలో కూర్చుండిపోయాడు.

బాబాయి మాకు చుట్టం కాదు. పేరుతో ఎవరూ పిలిచేవాళ్లు కాదు, ఊరందరికీ ఫిట్టరే. పత్తి జిన్నింగ్ మిల్లుల్లో యంత్రాలు బిగిస్తూ వయసంతా గడిపి, పెద్దతనంలో పినపాకలో నీళ్ల మోటార్లు బాగుచేసేవాడు. మోటారు పాడైందని తెస్తే ముందు విప్పేవాడు కాదు. తిరిగేదైతే తిప్పించి, స్క్రూడ్రైవర్ మొన దానికి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వినేవాడు. మనిషి మాట్లాడినా అంతే. పూర్తయ్యేదాకా నోరు విప్పేవాడు కాదు.

నాలుగేళ్ల కింద మా ఆయన ఖమ్మం దగ్గర ఒక జిన్నింగ్ మిల్లులో ఫిట్టర్‌గా ఉండేవాడు. ఇక్కడి మిల్లువాళ్లు మూడింతల జీతం ఇస్తామని, భార్యాబిడ్డలను కూడా తెచ్చుకోవచ్చని కబురు పంపారు. బాబాయి కూడా వయసులో ఈ దేశంలోనే మూడేళ్లు పనిచేసి వచ్చినవాడు కాబట్టి, ఒక మాట చెప్పి పోదామని మా ఆయన వెళ్లాడు. అంతా విన్నాక బాబాయి నన్ను పిలిపించాడు.

"జీతం ఎంతనో వాళ్లు చెప్పిన్రు. ఖర్చు ఎంతనో ఎవరు చెప్పిన్రు? ఆడ ఇల్లు నడిపేది నువ్వు గదా బిడ్డా, నువ్వే అడుగు."

ఏమేం అడగాలో కూడా ఆయనే చెప్పాడు. ఇంటి కిరాయి ఎవరిది, పని పర్మిట్ ఫీజు ఎవరు కడతారు, ఇంటికి రావడానికి టికెట్ ఎన్నేళ్లకోసారి, పిల్ల బడి ఫీజు మాటేంటి. చివరికి ఇంకొకటి. "జ్వరం వస్తే జీతం కోస్తరా? అది మరువకు."

ఇన్ని అడిగితే ఇంకొకణ్ణి పెట్టుకుంటారని మా ఆయన గొణిగాడు. అప్పుడు బాబాయి, చేతిలోని బేరింగ్ తుడుచుకుంటూ, తన సంగతి చెప్పాడు. రెండో ఏడు వానల్లో మలేరియా పట్టి ఇరవై రోజులు గదిలో పడిపోయాడట. జీతం ఆగింది, గది కిరాయి ఆగలేదు. ఆ నెలా, ఆ పై నెలా ఇంటికి రూపాయి పంపలేకపోయాడు. పిన్ని చంటిపిల్లతో ఖమ్మం పోయి మిర్చి తొడిమలు తీసే పనిలో చేరింది. సాయంత్రానికి ఆ చేతుల మంట పిల్లకు తగులుతుందని బిడ్డను ఎత్తుకునేదే కాదట. ఇదంతా పిన్నికి వినబడుతూనే ఉంది. లోపల బియ్యం చెరుగుతున్న చప్పుడు ఆగలేదు.

మర్నాడు నాకొచ్చిన హిందీలో మేనేజరుకు ఫోన్ చేసి అన్నీ అడిగాను. ఇంతవరకు ఏ ఫిట్టరు భార్యా తనకు ఫోన్ చేయలేదని ఆయన విసుక్కున్నాడు, కనుక్కుని చెప్తానని పెట్టేశాడు. మా ఆయన అప్పటికే ఖమ్మం మిల్లులో మానేస్తున్నట్టు చెప్పేశాడు. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. పెట్టింది తినేవాడు, కంచం తీసి పెట్టేవాడు. చేతికి వచ్చినదాన్ని నేనే చెడగొట్టానని నాకూ అనిపించింది.

ఐదో రోజు జవాబొచ్చింది. ఇల్లు, పర్మిట్ వాళ్లవే. రెండేళ్లకోసారి టికెట్. డాక్టరు చీటీ ఉంటే జ్వరం రోజులకు జీతం కోయరు. బడి ఫీజు మాత్రం మాదే. ఆ ఒక్కటీ ఒప్పుకోలేదని నేను దిగులుగా చెప్తే బాబాయి తల ఊపాడు.

"ఒక్కటి కాదన్నడంటే మిగతాయి నిజమే అయ్యుంటయ్. కానీ రాసి ఇయ్యమను. నోటిమాట సముద్రం దాటదు."

రాయించుకునే వచ్చాం. వచ్చిన మొదటి వానలకే మా ఆయన మంచం పట్టాడు. పద్దెనిమిది రోజులు. ఆ నెల జీతం పూర్తిగా వచ్చింది. పిల్ల బడి ఫీజు ఏటా నడుము వంచుతూనే ఉంది, అది తెలిసే వచ్చాం. బాబాయికి ఫోన్ చేసి జ్వరం సంగతి చెప్తే, దోమతెర మార్చారా అని మాత్రమే అడిగాడు.

సెలవుకు పినపాక వెళ్లినప్పుడు బాబాయిని, పిన్నిని మధ్యాహ్నం భోజనానికి పిలిచాను. ఇక్కడి ఇరుగుపొరుగు తినేదే వండాను, మక్కపిండి గట్టిగా ఉడికించిన ముద్ద, తోటకూర. కంచం ముందు పెట్టగానే ఆయన చూపు దించి, "అసంతే మామా" అన్నాడు. ఈ దేశపు మాట ఆయన నోట మేమెన్నడూ వినలేదు.

పిన్ని నవ్వింది. "ఆడపిల్లను పట్టుకొని మామ అంటవేంది?"

ఈ భాషలో మామా అంటే అమ్మా అని, అసంతే అంటే థాంక్సని నేను చెప్పాను. జ్వరంతో పడి ఉన్న ఆ ఇరవై రోజులూ పక్కింటి ముసలామె తనకు పూటపూటా ఇదే తెచ్చి పెట్టేదని బాబాయి చెప్పాడు. కంచం అందుకున్నప్పుడల్లా తాను ఆ ఒక్క మాటే అనేవాడట. ఆమె పేరు అడగనే లేదట.

తర్వాత చిన్న ముద్ద తీసుకుని అరచేతిలో గుండ్రంగా చేసి, అచ్చం ఇక్కడివాళ్లలాగే బొటనవేలితో నడుమ గుంట నొక్కి, ఆ గుంటతో తోటకూర ఎత్తుకుని తిన్నాడు. మళ్లీ ఇంకో ముద్ద, ఇంకో గుంట. పిన్ని తన కంచంలో చెయ్యి పెట్టకుండా, ఎప్పుడూ ఎరగని మనిషిని చూసినట్టు ఆయన చేతినే చూస్తూ కూర్చుంది.