ఇద్దరు తోలిన లారీ

హిందూపురం లారీ స్టాండులో ఈరన్నను ఎరగనివాళ్ళు ఉండేవారు కాదు. సోమందేపల్లి పక్క మెట్టసేద్యం చేసే ఇంట్లో పుట్టి, మడక పట్టమంటే మొహం చాటేసి, మోటారే బతుకనుకుని వచ్చినవాడు. మనిషి పొడుగు, నోరు పెద్దది. బండి తోలడం మాత్రం, పసిబిడ్డను ఎత్తుకుని నడిచినంత పదిలం. సావుకారి చెన్నకేశవులుకు ఉన్న ఒకే ఒక్క పెట్రోలు లారీకి అతనే డ్రైవరు. హిందూపురంలో బెల్లం, చింతపండు ఎత్తుకోవడం, పెనుకొండ మీదుగా ధర్మవరం చేరి దించి రావడం, ఇదీ అతని పని.

ఆ లారీ దానంతట అది లేచే రకం కాదు. ముందర ఇనుప హ్యాండిల్ దూర్చి గట్టిగా తిప్పితేనే ఇంజను అందుకుంటుంది. ఆ పని క్లీనరు రామన్నది. రామన్న ఇద్దరు బిడ్డల తండ్రి, నిదానస్తుడు, ఈరన్న ఎంత అంటే అంత. పంతొమ్మిదివందల యాభై ఎనిమిది ఎండాకాలంలో ఒక పొద్దున రామన్న నీళ్ళకు పోయిన సమయానికి సావుకారి వచ్చాడు. "ఇంకా ఈడనే ఉండావేమిరా? ఎండ ముదిరితే బెల్లం కారిపోతాది" అని గదమాయించాడు. ఈరన్నకు రోషం పొడుచుకొచ్చింది. తానే హ్యాండిల్ పట్టుకున్నాడు. బొటనవేలిని మిగతా వేళ్ళ పక్కనే ఉంచాలని, కడ్డీ చుట్టూ బిగించకూడదని పదిమందికి నేర్పినవాడు, ఆ ఉక్రోషంలో పిడికిలి బిగించేశాడు. ఇంజను వెనక్కి తన్నింది. ఎండుపుల్ల విరిచినట్టు కుడి మణికట్టు దగ్గర చప్పుడైంది. కళ్ళు బైర్లు కమ్మి తలెత్తి చూస్తే, సావుకారి అటు తిరిగి ఎవరితోనో మాట్లాడుతున్నాడు. చూడలేదు, బతికిపోయాననుకున్నాడు ఈరన్న.

చేయి విరిగిన డ్రైవరును కూర్చోబెట్టి మేపే సావుకారి ఎక్కడైనా ఉంటాడా? బాగయ్యేదాకా అని ఇంకొకణ్ణి ఎక్కిస్తాడు. ఆ ఇంకొకడు మళ్ళీ దిగడు. అలా బండి పోగొట్టుకున్నవాళ్ళు ఇద్దరు స్టాండు గోడ పక్కన బీడీలు కాలుస్తూ, వచ్చే బండ్లనూ పోయే బండ్లనూ చూస్తూ కూర్చుని ఉండేవాళ్ళు. ఈరన్న వాళ్ళవైపు చూడకుండా దాటిపోయేవాడు.

రొద్దంలో ఎముకలకు కట్టు కట్టే హనుమక్క దగ్గరికి, రామన్నకు మాత్రం చెప్పి, గుట్టుగా పోయాడు. ఆమె కోడిగుడ్డు సొన పట్టించి, వెదురుబద్దలు పెట్టి బిగించింది. "నేను విప్పేదాకా విప్పొద్దప్పా. తొందరపడితే ఎముక వంకరగా కూచుంటాది. ఆ పైన చెయ్యి నీదే గానీ నీ మాట వినదు" అని మరీ మరీ చెప్పింది. వింటే కదా. వెదురుబద్దలు చొక్కా కింద దాగవు. వారం తిరక్కుండానే విప్పి పారేశాడు. ఇక రోజూ పొద్దున్నే భార్య కుళ్ళాయమ్మ పాతచీర పేలిక చుట్టి, పైన పొడుగుచేతుల చొక్కా తొడిగేది.

"ఎన్నాళ్ళు ఈ దొంగ బతుకు?" అని అడిగేది ఆమె.

"ఒక్క నెల" అనేవాడు. నెల పోయాక కూడా అదే మాట అనేవాడు.

మరి బండెలా తోలాడంటారా? ఇద్దరూ కలిసి తోలారు. గేరుకడ్డీ డ్రైవరుకు ఎడమపక్క ఉంటుంది. ఎడమచేయి దాని మీదికి పోయినప్పుడల్లా స్టీరింగును కుడిచేయి ఒక్కటే కాయాలి. ఈరన్న కుడిచేతికి ఆ పట్టు లేదు. అందుకని అతను ఎడమచేత్తో స్టీరింగు పట్టుకుని, క్లచ్చి తొక్కి "ఊఁ" అనేవాడు. పక్కనే కూర్చున్న రామన్న గేరు వేసేవాడు. ఊరు దగ్గరపడితే కుడిచేతిని అలంకారానికి తెచ్చి స్టీరింగు మీద పెట్టుకునేవాడు. కొన్నాళ్ళకు ఆ "ఊఁ" కూడా అక్కర్లేకపోయింది. ఈరన్న మోకాలు కదిలితే రామన్న చేయి కదిలేది. తమ తెలివికి తామే నవ్వుకునేవాళ్ళు.

ఆ నవ్వు ఎన్నాళ్ళో నిలవలేదు. ఒకరోజు ఈరన్న చెట్టుకింద బీడీ ముట్టించుకుంటున్నాడు. రామన్న ముక్కు ఎగబీల్చి, "అన్నా, ఏందో కాలుతాండాది" అన్నాడు. చూస్తే అగ్గిపుల్ల పూర్తిగా కాలి ఈరన్న కుడిచేతి నడిమివేలినే కాలుస్తోంది. అతనికి మంట తెలియనే లేదు. గబుక్కున వేలు నోట్లో పెట్టుకుని, "అబ్బా, మండుతాండాది" అని బొంకాడు. మర్నాడు కుళ్ళాయమ్మ కట్టు కడుతుంటే చూసుకున్నాడు. చిటికెనవేలు మొదలుకుని మూడు వేళ్ళు చచ్చుబడి ఉన్నాయి. భయం వేసింది. ఆ భయం రామన్నకు చెప్పలేదు.

పెనుకొండ దాటాక దిగుడు. అక్కడ బ్రేకును నమ్ముకుంటే అది కాగి పట్టు వదిలేస్తుంది. పైనుంచే చిన్న గేరులో పెట్టుకుని దిగాలి. ఒకపక్క కొండ, రెండోపక్క లోయ. ఆ లోయలో ఎప్పుడో పడిన లారీ ఒకటి చక్రాలు పైకెత్తుకుని తుప్పు పట్టి ఉండేది. రామన్న అటు చూసేవాడు కాదు. ఈరన్నకు చూడకుండా ఉండడం చేతనయ్యేది కాదు.

దసరా ముందర, బండి బయలుదేరే వేళకు సావుకారి సంచీ పట్టుకుని వచ్చాడు. "ఇంట్లో పెండ్లి పెట్టుకున్నాం. ధర్మవరంలో చీరలు తీసుకోవాల" అంటూ ముందుసీట్లోకి ఎక్కి కూర్చున్నాడు. మనిషి లావు. సీటంతా నిండిపోయింది. రామన్న తలుపు దగ్గరే నిలబడిపోయాడు.

"నువ్వు పైన మూటల మీద కూచోరా" అన్నాడు సావుకారి.

రామన్న ఈరన్న మొహం చూశాడు. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. ఈరన్న నోరు తెరిచాడు. గోడ పక్కన బీడీలు కాలుస్తున్న ఇద్దరూ కంటపడ్డారు. నోరు మూసుకున్నాడు.

దారి పొడుగునా ఎడమచేత్తో గేరు మార్చినప్పుడల్లా, కుడి మోచేతినీ పొట్టనూ స్టీరింగుకు ఆనించి నెట్టుకొచ్చాడు. సోమందేపల్లి దగ్గర ఎద్దులబండి ఎదురైతే లారీ పక్కకు ఈడ్చుకుపోయింది. ఎద్దు కొమ్ము అద్దానికి తగిలిందా అన్నంత దగ్గరగా పోయింది. పైనుంచి రామన్న క్యాబిన్ మీద దబదబా బాదాడు. సావుకారి ఒక్క మాటా అనలేదు. కదిరి నరసింహస్వామికి మొక్కుకుంటూ ఈరన్న పెనుకొండ చేరాడు. చొక్కా పిండితే నీళ్ళు కారేటట్టు ఉంది.

సావుకారి బండి ఆపించి కాఫీ తాగాడు. తాగి వచ్చి, స్టీరింగు దగ్గరే కూర్చుని ఉన్న ఈరన్నను చూస్తూ సంచీ చంకన పెట్టుకున్నాడు. "ఇంక మీరు పోండిరా. నేను బస్సులో వస్తా."

"ఎందుకు సావుకారీ? బండి ఉండాది కదా."

"ముందర దిగుడు కూడా ఉండాది కదా" అన్నాడాయన, తువ్వాలుతో మూతి తుడుచుకుంటూ. "చదునులో పర్వాలేదు గానీ, ఆ చేత్తో నువ్వు దిగుడు దించుతాంటే నేను కూచోలేనప్పా."

ఈరన్న కుడిచేతి చొక్కాను వేళ్ళదాకా లాక్కున్నాడు. "మీకు ఎప్పుడు తెలిసింది?"

"హ్యాండిల్ తన్నిన పొద్దే చూసినా. ఎట్లో తోలుకొస్తాండాడులే, మనకెందుకు అనుకున్నా. చెయ్యి బాగుండే డ్రైవరైతే ఊరికే జీతం పెంచమంటాడు, పక్క సావుకారి దగ్గరికి పోతానంటాడు. నువ్వు అట్లా కాదు, నోరెత్తలేదు." మెచ్చుకున్నట్టే ఆ మాట అని, నిలబడి ఉన్న బస్సు దగ్గరికి పోయాడు.

ఇన్ని నెలలు ఎవరి కంట పడకూడదని నిద్ర పోగొట్టుకున్నాడో, ఆ కన్ను మొదటిరోజే చూసింది. చూసి ఊరుకుంది. ఈరన్నకు ఆయన గొంతు పట్టుకుందామన్నంత కోపం వచ్చింది.

ఇంతలో రామన్న మూటల మీదినుంచి దిగి, దుమ్ము దులుపుకుని, తన సీట్లో కూర్చున్నాడు. "ఆయన పోతాండాడా? మేలైంది. పా అన్నా, పోదాం" అంటూ గేరుకడ్డీ మీద చేయి వేశాడు. ఏ అనుమానమూ లేని చేయి అది. దాన్ని చూసేసరికి ఈరన్న కోపమంతా చల్లారిపోయి, సిగ్గు పట్టుకుంది. ప్రమాదం తెలిసీ చెప్పకుండా, సావుకారి తనకు చేసిందే తాను రామన్నకు చేస్తూ వచ్చాడు.

"రామన్నా, నా వేళ్ళు చచ్చిపోయినాయి" అన్నాడు. "చాన్నాళ్ళాయ. నీకు చెప్పలేదు. ఈ చెయ్యి ఇంక బాగయ్యేది కాదు."

రామన్న మెల్లగా గేరు మీదినుంచి చేయి తీశాడు. "నా పిల్లోల్లు గుర్తుకు రాలేదా అన్నా?" అని అడిగాడు.

ఈరన్న బండి దిగి, రామన్న పక్కకు వచ్చి తలుపు తీసి నిలబడ్డాడు. రామన్న కూడా దిగాడు. ఇద్దరూ బస్సు పక్కగా నడుస్తుంటే సావుకారి కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఏమిరా ఈరన్నా, బండి ఆడ వదిలిపెట్టి యాడికి పోతాండావు?"

"మీరెందుకు దిగినారో మేమూ అందుకే దిగినాము సావుకారీ" అన్నాడు ఈరన్న. రామన్న అప్పటికే ముందు నడుస్తున్నాడు, వెనక్కి తిరిగి చూడలేదు. ఈరన్న అతని వెనకాలే సోమందేపల్లి దారి పట్టాడు.