గట్టు మీద ముళ్ళ చెట్టు

పందొమ్మిది వందల యాభైల మొదట్లో నాకు పెళ్ళయింది. పెదపాడు అవతల, కొల్లేటి అంచునున్న ఊరికి కాపురానికి వెళ్ళాను. వెళ్ళేసరికి ఆ ఇంట్లో అందరి నోటా ఒక చెట్టు మాటే.

మా చేల చివర గట్టు మీద, ఎవరూ నాటకుండానే లేచిందది. వరదకి కొట్టుకొచ్చిన గింజ అయ్యుంటుందని మామయ్యగారు అనేవారు. నిటారైన మాను, మాను నిండా బొడిపెలు, ప్రతి బొడిపె కొసనా ముల్లు. వేళ్ళు విప్పిన అరచెయ్యిలా ఆకులు. తుమ్మ కాదు, వెలగ కాదు. దారిన పోయేవాళ్ళని పిలిచి చూపించేవారాయన. వాళ్ళు చుట్టూ తిరిగి చూసి, తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయేవారు.

ఓ రోజు మామయ్యగారు కాలువలో కాళ్ళు కడుక్కుని, ఒడ్డెక్కుతూ ఆ చెట్టుని ఆసరాగా పట్టుకోబోయారు. చెయ్యి గీరుకుంది, పైపంచె నిలువునా చిరిగింది. ఇంటికొచ్చి, "రేపే కొట్టించేస్తాను దాన్ని!" అన్నారు.

అత్తయ్యగారు పంచె అందుకుని నవ్వాపుకుంటూ, "పేరైనా తెలీకుండా కొట్టేస్తారేంటండీ పాపం" అన్నారు.

మామయ్యగారి చూపు నా మీద పడింది. "అవునమ్మాయ్, మీ అన్నయ్య చదివేది చెట్ల చదువే కదూ?"

అన్నయ్య ఏలూరు కాలేజీలో బోటనీ చదువుతున్నాడు. పెళ్ళిచూపులనాడు మా నాన్నగారు ఆ సంగతి కాస్త గొప్పగానే చెప్పుకున్నారు. ఇప్పుడిక తాడేపల్లిగూడెంలోని మా పుట్టింటి పరువంతా ఆ చెట్టుకి వేలాడుతున్నట్టనిపించింది నాకు.

కబురందుకుని అన్నయ్య ఆదివారం సైకిలు మీద వచ్చాడు. ఆకు కోశాడు, వాసన చూశాడు, ముల్లు విరిచి జేబులో వేసుకున్నాడు. అందరం అన్నయ్య నోటికేసి చూస్తున్నాం.

"పువ్వు చూడకుండా చెప్పకూడదండీ" అన్నాడు చివరికి.

"ఓర్నాయనోయ్! పేరు చెప్పడానికి పువ్వులు సమర్పించుకోవాలా బాబూ?" అని మామయ్యగారు పొట్ట పట్టుకుని నవ్వారు. అన్నయ్య చెవులు ఎర్రబడ్డాయి. నేను వంటింట్లోకి వెళ్ళి, అవసరం లేకపోయినా అన్నం కలియబెట్టాను.

చలికాలం వచ్చేసరికి చెట్టు ఆకులన్నీ రాల్చేసింది. ఎండిపోయిందన్నారు మామయ్యగారు. పొయ్యిలోకైనా పనికొస్తుందని గొడ్డలి బయటికి తీయించారు. అంతవరకూ ఆయన ఎదట నిలబడి మాట్లాడి ఎరగను. ఆ రోజు మాత్రం ధైర్యం చేశాను.

"మామయ్యగారూ, ఎండలు ముదిరేదాకా ఆగండి. అప్పటికీ పుయ్యకపోతే మీ ఇష్టం."

ఆయన నాకేసి ఒక్క క్షణం చూసి, "సరేనమ్మా, మీ అన్నయ్య కోసం కాదు, నీ కోసం" అన్నారు.

పక్షం తిరక్కుండానే ఆకు లేని ఆ కొమ్మల మీద ఎర్రటి పువ్వులు విచ్చుకున్నాయి. ఒక్కొక్కటీ దోసిలంత. గోరింకలు ముక్కులు ముంచి తేనె తాగి ఒకటే అల్లరి. నేను గట్టు దాకా పరుగెత్తి, కింద రాలినవి చీర కొంగులో పోసుకొచ్చాను. మా ఆయన వాటిని అన్నం కారియరులో పెట్టుకుని ఏలూరు బయల్దేరారు. సాయంత్రం అన్నయ్యని వెంటబెట్టుకునే వచ్చారు.

"బూరుగండీ, బూరుగు చెట్టు!" సైకిలు దిగకుండానే అరిచాడు అన్నయ్య. "లేత వయసులో ముళ్ళు ఎక్కువ. మెట్ట వైపు బోలెడుంటాయిట. మా లెక్చరరు గారు పువ్వు చూడగానే చెప్పేశారు."

మామయ్యగారు నమ్మలేదు. "బూరుగంటే... తలగడల్లో కూరతామే, ఆ దూది చెట్టా?"

"అదేనండీ."

ఆయన లేచి లోపలికి వెళ్ళి తన తలగడ తెచ్చుకుని, దాన్నీ అన్నయ్య తెచ్చిన పువ్వునీ మార్చి మార్చి చూశారు. "పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ దీని మీదే పడుకున్నాను కదే! చెట్టుని ఎరక్కపోతినే!" అన్నారు అత్తయ్యగారితో. ఈసారి ఆవిడ నవ్వు ఆపుకోలేదు. ఆ రాత్రి, పులసచేపల కాలం కాకపోయినా, కొల్లేటి కొరమేను కూర మాత్రం మామయ్యగారే దగ్గరుండి అన్నయ్యకి కొసరి కొసరి వడ్డింపించారు.

ఎండలు ముదిరాక కాయలు పగిలాయి. గాలికి దూది ఎగిరి గేదెల వీపుల మీదా, కాలువ నీళ్ళ మీదా తేలింది. అత్తయ్యగారూ నేనూ తట్టలు పట్టుకుని దాని వెంట పరుగులు. ఇద్దరికీ తలలు నెరిసినట్టయ్యాయి. గట్టు మీద నిలబడ్డ మామయ్యగారు మాత్రం దారిన పోయేవాళ్ళని ఇంకా ఆపుతూనే ఉన్నారు, "ఇదేం చెట్టో చెప్పుకోండి చూద్దాం" అని.